కోళ్ళ గంప కింద సెల్‌ఫోన్లు

మా పుంగనూరు మేనత్త చనిపోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మదనపల్లె టమోటా మండీలో వేలం జరుగుతుంటే పక్కనున్నాయన ఫోన్ చూసి, "మీ బావ స్టేటస్ పెట్టినాడు సూడప్పా, మీ అత్త పోయినట్టుండాది" అన్నాడు. ఆమె ఫొటో, చుట్టూ గులాబీలు, మెరిసే అక్షరాలు, వెనక పాట. పాట ఎంచుకోవడానికి కన్నకొడుక్కి తీరిక దొరికింది. మేనల్లుడికి ఒక్క మాట చెప్పడానికి దొరకలేదు. ఏడవాల్సినవాణ్ణి, బస్సులో పుంగనూరు దాకా తిట్టుకుంటూ పోయాను.

ఆ ఇంట్లో ఒకప్పుడు రాత్రి భోజనానికి ఆమె పెట్టిన చట్టం ఉండేది. రాగి సంగటి కెలికి దించగానే కోళ్ళను మూసే గంప తెచ్చి నడింట్లో బోర్లించేది. ముందు తన బటన్ ఫోన్ దాని కింద పెట్టేది. తర్వాత అందరివీ. అప్పుడే పళ్ళెంలో ముద్ద పడేది.

నేను ఊరుకుంటానా? పాడైపోయిన ఫోన్ ఒకటి గంప కింద పెట్టి, అసలుది నడుములో దోపుకునేవాణ్ణి. చాటుగా బావ నంబరు నొక్కితే గంపలో గోల మొదలు. బావ లేవబోతే అత్త, "కూసో. పొదుగుతాండాది, కదిలించొద్దు" అనేది. వెంటనే నా వైపు తిరిగి, "రేయ్ కోతీ, నీ నడుములో ఉండే పెట్టను గూడా తే" అనేది. నవ్వలేక పొలమారేది అందరికీ.

నాకు చదువు అబ్బలేదు. ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడడం మాత్రం ఆ గంప పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

తర్వాత ఇల్లు కొత్తగా కట్టారు. కోళ్ళు పోయాయి, గంపా పోయింది. తల్లి నస పెడుతోందని బావ ఆమె చేతికే పెద్ద ఫోన్ కొనిచ్చి ఒక గదిలో కూర్చోబెట్టాడు. పాలు తాగే బిడ్డకు కూడా అంతకంటే మర్యాద ఉంటుంది. చివరిసారి పోయినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఒక్క పూట అందరూ కూసోని తింటే సూడాలని ఉండాదిరా" అంది. బావకు చెప్పాను. "ఈ ఆదివారం కూసుందాంలేప్పా" అన్నాడు, తలెత్తకుండా. ఆ ఆదివారానికి ఆమె లేదు.

చదివే మీకూ చెబుతున్నాను. పిల్లల ఫోన్లు లాక్కుని మీవి ఒళ్ళో పెట్టుకునే నాటకాలొద్దు. ఈ రాత్రికే ఇంటిల్లిపాదీ వాటిని అవతల పెట్టి కూర్చోండి. మా మాదిరి మనిషి పోయాక పెట్టే దినాల దాకా ఆగకండి.

ఆ దినాల రోజన్నా బుద్ధి వచ్చిందా? ఆకులు వేశారు. బావ కుడిచేత్తో అన్నం కలుపుతూ, ఎడమచేత్తో ఫోన్‌లో వచ్చిన సంతాపాలకు దండం బొమ్మలు పంపుతున్నాడు. వరుసంతా అదే యవ్వారం. సాంబారు వడ్డిస్తున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావా, ఎవరి పేరు మీద తింటాండావో తెలుసునా? ఆయమ్మ అడిగింది ఇదొక్కటే గదప్పా! బతికుండంగా ఇయ్యలేదు, ఇప్పుడన్నా ఇయ్యి. లేదంటే ఈ బకెట్ నీ ఫోన్ మీదనే కుమ్మరిస్తా."

నా ఎగతాళి అలవాటే కదా అని ఎవరో నవ్వారు. బకెట్ వంచబోయేసరికి ఆ నవ్వు ఆగింది. బావ నన్ను కొరికేసేలా చూశాడు. ఆ తర్వాత ఫోన్ ఆపేసి వీపు వెనక్కి తోశాడు. ఒక్కొక్కరే మిగతావాళ్ళూ ఆపారు.

ఎవరికీ ఎటు చూడాలో తెలియలేదు. అప్పుడు బావ కూతురు అడిగింది: "నాయనా, అవ్వకు ఏం తింటే ఇష్టం?"

బావ పక్క ఆకు వైపు తిరిగాడు. కుప్పం నుంచి వచ్చిన ఆయన అక్క అందుకుంది. "మాడు సంగటి. కుండ అడుగున గీరుకోని తినేది. మంచిది మనకు పెట్టి మాడింది తాను తింటాండాదని జాలిపడితిమి గదా! యాడిది? ఎవురన్నా అడుగుతారేమో అని దాసిపెట్టుకొనేది!"

బావకు నవ్వు ఆగలేదు. ఆ తర్వాత ఏడుపూ ఆగలేదు. కళ్ళు తుడుచుకుని తనే ఒక మాట మొదలుపెట్టాడు. దాని మీద ఇంకొకరు. పెరుగన్నాలు అయిపోయాయి. రెండో పంక్తి వాళ్ళు వాకిట్లో నిలబడి కాచుకున్నారు. ఎంగిలి చేతులు ఎండి, వేళ్ళ మీది మెతుకులు పెళుసెక్కుతున్నా, ఆకుల ముందు నుంచి ఒక్కరూ లేవలేదు.