వెనక తగిలించిన డిస్కు

నవనీత పోయినప్పుడు చెల్లెలు వనజ ఏడవలేదు. తార్నాకలో వాళ్ళు అద్దెకున్న గల్లీ అంతా చెవులు కొరుక్కుంది. “తోడబుట్టిన అక్క పోతే కన్నీటిచుక్క రాలలే, అది గుండెనా బండనా?” అన్నారు. అనేవాళ్ళకేం, నోటికి తాళం ఉండదు కదా! నిజానికి వనజకే ఏమీ అర్థం కాలేదు. దినాలయ్యాయి, చుట్టాలు జనగామ బస్సెక్కారు, ఆమె పొద్దున్నే లేచి కంప్యూటర్ ముందు కూర్చుంది. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప మొద్దుబారినట్టు మనిషంతా మొద్దుబారి ఉంది.

అక్కాచెల్లెళ్ళు యూనివర్సిటీ పిల్లల థీసిసులు టైపు చేసి బతికారు. ముందుగదిలో పక్కపక్కనే రెండు కంప్యూటర్లు, వెనకగదిలో బియ్యం డబ్బాల పక్కన ఇంకొకటి. ఆ వెనకదాని పనల్లా అందరి ఫైళ్ళూ దాచిపెట్టడమే. ముందుగదిలో ఎవరు ఏది తెరిచినా అందులోంచే రావాలి. పిల్లలు దాన్ని సర్వర్ అంటే, నవనీత ‘గుమ్మి’ అనేది. ఊళ్ళో వడ్లు పోసుకునే గుమ్మి పేరే దీనికీ పెట్టింది. అందులోని డిస్కు ఆమె ఇష్టపడి కొన్నది.

నవనీతకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. ఆమెతో క్యాంపస్‌కి బయలుదేరితే వనజ అడుగులో అడుగు వేసేది తప్ప ఒక్కనాడూ ముందుకు పోలేదు. “మీరు చేరేవరకు సెమిస్టర్ అయిపోతది అక్కా” అని హాస్టల్ పిల్లలు ఆటపట్టించేవారు. “అయితే అయితది. వచ్చే సెమిస్టర్‌కు అందరికంటె ముందు మేమే ఉంటం గద” అని నవనీత నవ్వేది. మహా మాటకారి!

తొంభై ఎనిమిది ఎండాకాలం, నవనీత పోయిన రెండు నెలలకు, ఆ డిస్కు నిండిపోయింది. దిలీప్ అనే ఫిజిక్స్ రీసెర్చ్ స్కాలర్ కంప్యూటర్ల పిచ్చోడు. తన థీసిస్ టైపింగ్‌కిచ్చి ఆ ఇంటి మనిషయ్యాడు. “ఇంకో డిస్కు పెట్టు వనజక్కా. జాగా దొరుకుతది. పని రెండూ పంచుకుంటయి, స్పీడు గూడ పెరుగుతది” అన్నాడు.

కొత్త డిస్కు తెచ్చి వనజ తనే బిగించింది. వాళ్ళింట్లో పెద్దది ఉండగా చిన్నది ముందు పడటం ఏనాడూ లేదు. బువ్వ దగ్గరైనా అంతే, బట్టల దగ్గరైనా అంతే. అక్కకు కుదరలేదని తన పెళ్ళిమాట కూడా ఎత్తనివ్వలేదు వనజ. ఇక చెయ్యి మాత్రం వేరేగా నడుస్తుందా? అక్క డిస్కును మొదటిదిగానే ఉంచి, అదే వైరుకు కొత్తదాన్ని వెనక తగిలించింది.

స్పీడు పెరగడం దేవుడెరుగు, ఉన్నది కాస్తా ఊడింది! ఒక అధ్యాయం తెరవమని నొక్కి, చాయ పెట్టుకుని తాగి వచ్చినా తెర మీద గడియారం గుర్తు కదిలేది కాదు. వనజకు విసుగు రాలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఖాళీ కుర్చీ ఉండగా, అలా చూస్తూ కూర్చునేది.

విసుగొచ్చింది భూమికకి. హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, వారాసిగూడ నుంచి రోజూ వస్తుంది. థీసిస్ వనజ దగ్గరే టైపవుతోంది, ఇవ్వాల్సిన గడువు నెత్తిమీద ఉంది. దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, ఇన్నేళ్ళ చదువు బూడిదలో పోసిన పన్నీరు. ఆ పిల్లే దిలీప్‌ను పట్టుకొచ్చింది. అతను గుమ్మి మూత తీసి నెత్తి పట్టుకున్నాడు.

“ఇదేందక్కా! రెండూ ఒక్క వైరుకే పెట్టినవ్? ఒకటి పని చేస్తుంటె రెండోది ఆగాలె. పైగా ఈ పాత బోర్డు నెమ్మదిదాని నడకనే రెండింటికీ పెడతది. ముసలెద్దునూ కోడెనూ ఒక్క కాడికి కట్టినట్టు. గీడ రెండో వైరు పెట్టే జాగ ఖాళీగనే ఉన్నది గద. దేనిది దానికిస్తే రెండూ ఒక్కసారే పని చేస్తయి. ఐదు నిమిషాల పని, చేసెయ్యనా?”

“వద్దు” అంది వనజ.

“అరె, పాతదాన్ని తీసేస్తలేను. గాడనే ఉంటది.”

“రెండ్రోజులు చూద్దాం దిలీప్.”

ఏం మొండితనమమ్మా ఇది! ఎందుకు వద్దో అడిగితే చెప్పగలిగేది కాదు. చెప్పడానికి లోపల మాట అంటూ ఉండాలి కదా. దిలీప్ మూత పెట్టి వెళ్ళిపోయాడు.

రెండ్రోజులూ గడిచాయి. భూమిక నవనీత కుర్చీలో కూర్చుని, తెర వైపు చూస్తూ ఒక్కసారిగా బావురుమంది. “వేరే సెంటర్‌కు ఇద్దామంటె మొత్తం మళ్ళీ టైపు చెయ్యాలె. నా బతుకేం గావాలె అక్కా?” అంది. వనజ ఆ ఏడుపు విన్నది. జాలి కలగలేదు. ఎదురుగా ఆడపిల్ల వెక్కివెక్కి ఏడుస్తుంటే తనకేమీ కాకపోవడం చూసి, మొదటిసారి తనంటే తనకు భయమేసింది. లేచి వెనకగదిలోకి వెళ్ళి స్విచ్ ఆపేసింది. కొత్త డిస్కును అక్క వైరు నుంచి విడదీసి, ఖాళీ జాగాలో దానితో వచ్చిన రెండో వైరు పెట్టి, ఆ వైరుకు తగిలించింది.

ఆ తర్వాత నొక్కితే చాలు, అధ్యాయం వచ్చి తెర మీద నిలబడింది. చెయ్యి ఒళ్ళోకి చేరే వ్యవధి లేదు. తప్పులు దిద్దడం, పేజీలు సరిచూడడం, ప్రింటు తీయడం చకచకా సాగాయి. సాయంత్రం దాకా పడుతుందనుకున్న పని మధ్యాహ్నానికే అయిపోయింది. భూమిక కాగితాల కట్టను గుండెలకు హత్తుకుంది.

“అయిపోయిందక్కా! ఇంక ఏం లేదు!” అంది సంబరంగా.

వనజ తెర చూసింది. ఎదురుచూడాల్సింది ఏదీ లేదు. పొద్దుగూకేదాకా ఎంతో సమయం మిగిలింది. రేపూ ఇలాగే మిగులుతుంది, ఎల్లుండీ అంతే.

“భూమికా, మా అక్క సచ్చిపోయింది” అంది.

ఆ సంగతి భూమికకు ఎప్పుడో తెలుసు. దహనానికీ వచ్చింది, దినానికీ వచ్చింది. అయినా కాగితాలు పక్కన పడేసి, అప్పుడే విన్నదానిలా “అయ్యో అక్కా!” అంటూ దగ్గరకొచ్చి పట్టుకుంది.