అమ్మ విత్తనాల కుండ

మా అమ్మ ప్రార్థనలో కళ్ళు మూసుకునేది కాదు. అన్ని ప్రార్థనల్లోనూ కాదు, ఏడాదికి ఒక్క ఆదివారం మాత్రం. తొలకరికి ముందు వచ్చే ఆ ఆదివారం ఆమె కంది విత్తనాల కుండను చర్చికి తీసుకెళ్ళి ప్రసంగ వేదిక కింద పెట్టేది. ప్రార్థన అయ్యాక మళ్ళీ నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చేది. ఆ తర్వాతే ఆ గింజలు చేన్లో పడేవి. చిన్నప్పుడు నేను వేళ్ళ సందుల్లోంచి చూసి ఈ దొంగతనం కనిపెట్టాను. "దేవుడు చూస్తాడు, కళ్ళు మూసుకో" అని నన్ను గిల్లే మనిషి తానేమో గుడ్లు మిటకరించుకుని కూర్చునేది! భక్తి తక్కువ మనిషి అని ఆనాడే తీర్మానించుకున్నాను. చాలా ఏళ్ళు ఆ తీర్మానం మార్చుకోలేదు.

మాది కొమరోలు దారిలో ఒక పల్లె. నేను గిద్దలూరులో ఒక బడిలో పనిచేస్తాను, రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. మాకున్నది మూడెకరాల ఎర్రనేల, వాన పడితేనే పంట. నాయన పోయాక అమ్మ ఒక్కతే చూసుకునేది. మా పక్క చేను రైతును నేను మామా అని పిలుస్తాను. ఆయన నాలుగు బోర్లు వేయించి, మూడింట్లో దుమ్ము చూశాడు. అయినా బుద్ధి రాక "నువ్వన్నా ఒకటి వేయించరాదా చెల్లే" అని అమ్మను పోరేవాడు.

"భూమికి అన్ని తూట్లు పొడిస్తే దానికి నొప్పుండదా అన్నా? పైనుంచి పడేవి చాల్లే మాకు" అనేది అమ్మ.

ఆమె కంది గింజ చిన్నది, గోధుమరంగు మీద నల్లటి చారలు. దుకాణం విత్తనం కన్నా ఆలస్యంగా కాసేది, కానీ వాన మొహం చాటేసిన ఏడు కూడా కాసేది. పెళ్ళయి వచ్చేటప్పుడు తన పుట్టింటి నుంచి తెచ్చుకుంది. బూడిద, వేపాకు కలిపి కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి దాచేది. ఒకప్పుడు ఊళ్ళో అందరూ ఆ ఆదివారం విత్తనాలు తెచ్చేవాళ్ళట. వాళ్ళంతా ప్యాకెట్లకు మారాక అమ్మ కుండ ఒక్కటే మిగిలింది.

ఒక వేసవిలో అమ్మ జ్వరమని పడుకుని నాలుగు రోజుల్లో పోయింది. చివరగా అన్న మాట, "కుండ భద్రం". చివరి మాటలో నేను ఉంటాననుకున్నాను. కుండ ఉంది. నిజం చెప్పాలంటే కాస్త కోపం కూడా వచ్చింది.

ఆ ఏడు తొలకరికి ముందటి ఆదివారం కుండను నేనే మోసుకుపోయాను. ప్రార్థన అయ్యాక నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. దేవుడి దగ్గర ఇంకో పూట ఉంటే మంచిదే కదా, సాయంత్రం స్త్రీల కూడికకు వచ్చినప్పుడు తీసుకుపోదాం అనుకున్నాను. అమ్మ కన్నా ఒక పిసరు ఎక్కువ చేయాలన్న పంతం అది. పక్కన ఎవరో పెట్టిన సొరకాయ, కోడిగుడ్లు ఉన్నాయి. అక్కడ పెట్టినవన్నీ కానుకలే. కుండ మాత్రం కానుక కాదని ఎవరికీ చెప్పకుండా వచ్చేశాను.

సాయంత్రం కూడికలో పాస్టరుగారి భార్య దొప్పల్లో గుగ్గిళ్ళు పెట్టింది. ఆ అమ్మగారు కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి బ్రహ్మాండంగా చేసింది. "వెన్నలాగ ఉన్నాయమ్మగారూ, ఇంకొంచెం పెట్టండి" అని అడిగి రెండో దొప్ప కూడా తిన్నాను. ఆ తర్వాత కుండ కోసం వెళ్ళాను. శుభ్రంగా కడిగి, కుళాయి పక్కన బోర్లించి ఉంది.

"ఇందులో గింజలేవండీ?"

"మీరిప్పుడు తిన్నవేనండీ. కానుకనుకున్నాను. ఆ బూడిద వదిలించేసరికి నా ప్రాణం పోయిందనుకోండి."

"బూడిద కలిపిన గింజలు ఎవరన్నా వండుతారా? మీ ఊళ్ళో విత్తనం మొహమే చూడలేదా?" అని అరిచాను. ఆమె ఏడ్చింది. నేను ఆగలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ అక్షరాలా అదే జరిగింది. నా వాటా రెండు దొప్పలు.

"విత్తనం తిని కూచున్నావా తల్లీ! మీ అమ్మ ఉంటే నిన్ను చేన్లో పాతిపెట్టేది" అన్నాడు సంగతి విన్న మామ. అంటూనే బండి తీశాడు. అమ్మ ఎప్పుడో గింజలిచ్చిన వాళ్ళ ఊళ్ళన్నీ, బేస్తవారిపేట దాకా, తిరిగాం. ఒకరు బత్తాయి తోట పెట్టారు. ఒకరు పొలం అమ్మేశారు. ఇంకొకామె "ఆ కందులు ఎప్పుడో మానేసినామమ్మా, ఇప్పుడంతా దుకాణం ఇత్తనమే" అంటూ మజ్జిగ ఇచ్చింది. అమ్మ పోయినప్పుడు రాని ఏడుపు తిరుగుదారిలో బండి వెనక కూర్చున్నప్పుడు వచ్చింది. మామ వెనక్కి తిరగలేదు, బండి మాత్రం నెమ్మదిగా నడిపాడు.

వానలు పడ్డాయి. చేన్లో దుకాణం విత్తనమే వేయించాను. పదిహేను రోజుల తర్వాత, ఒక పొద్దున నేను బస్సుకు బయల్దేరుతుంటే అమ్మగారు గుమ్మం ముందు నిలబడి ఉంది. అంతవరకూ మా మధ్య మాటల్లేవు. "ఒక్కసారి రండి" అని చర్చి వెనక్కి తీసుకెళ్ళింది. ఆ రోజు బూడిద నీళ్ళు, చేటలో ఏరేసిన నాసి గింజలు పారబోసిన చోట తొమ్మిది మొక్కలు లేచాయి. మేకలు మేయకుండా చుట్టూ కంప కూడా నాటేసింది. ఆమె మోచేతుల దాకా ముళ్ళు గీరిన గీతలు.

"మీవేనా చెప్పండి. నేను విత్తనం మొహం చూసినదాన్ని కాదు కదా" అంది.

నా మాట నాకే తిరిగొచ్చింది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. "మావే. ఆ రోజు నోరు జారినాను, మనసులో పెట్టుకోకండి" అన్నాను. నిజానికి అవి మావో కావో నాకూ తెలియదు. మేకలు రెండింటిని తినగా ఏడు మిగిలాయి. సెలవురోజుల్లో నేను, మిగతా రోజుల్లో ఆమె కాపలా ఉన్నాం. సంక్రాంతి దాటాక ఎండిన కాయ ఒకటి ఒలిచి చూస్తే, గోధుమరంగు మీద నల్లటి చారలు.

మరుసటి ఏడు ఆ ఆదివారం కుండను మళ్ళీ వేదిక కింద పెట్టాను. అడుగు నిండేపాటి గింజలే ఉన్నాయి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్ళు మూసుకున్నారు. నావల్ల కాలేదు. చూపు కుండ మీదికే పోతోంది. మధ్యలో ఒక్కసారి పక్కకు చూస్తే అమ్మగారు కూడా కళ్ళు తెరిచే ఉంది, ఆమె చూపూ కుండ మీదే. ఇన్నేళ్ళూ మా అమ్మను భక్తి తక్కువ మనిషి అనుకున్నాను. ఆమెన్ అనకముందే లేచి కుండను చేతుల్లోకి తీసుకున్నాను.