పఠాన్‌లకు గోత్రం

1978 మే 14, ఆదివారం, ఉదయం పదిన్నరకు ఇది మొదలైంది. కృష్ణగిరిలో మా పక్కిల్లు మామిడి మండీ నడిపే ఒక పఠాన్ తాతది. ఆయన మనవరాలికి సంబంధం కుదిరేటట్టుంది. పిల్లవాడిది మత్తిగిరి, హోసూరు ఫ్యాక్టరీలో పని. వాళ్లూ పఠాన్‌లే. పిల్లవాడి తల్లి ఇరుగుపొరుగును విచారిద్దామని ముందు మా ఇంటికి వచ్చింది.

తాత వంశం కథ నాకు కొంత తెలుసు. తమది కాకర్ తెగ అనేవాడు. పుట్టుక ఇప్పటి పాకిస్తాన్‌లోని క్వెట్టా అవతలి కొండల్లోనట. పూర్వీకుడెవరో మైసూరు గుర్రపు దండుతో కృష్ణగిరి కోటకు వచ్చాడట. ఒకరోజు పఠాన్‌లందరూ ఒకే మనిషి ముగ్గురు కొడుకుల సంతానం అనేవాడు. ఇంకోరోజు, యూదుల్లో తప్పిపోయిన శాఖ అనేవాడు. ఏ సంవత్సరమని నేను అడిగితే, "కొండకు పుట్టినరోజు అడుగుతావేమమ్మా!" అని నవ్వేవాడు. నా లెక్క తేలేది కాదు.

వచ్చినామె మా అత్తను అడిగింది. "మేము కాకర్‌లం. వీళ్లూ కాకర్‌లేనా అమ్మా?"

మాది అంగడి పెట్టుకున్న హిందువుల ఇల్లు. గోత్రం ఒకటైతే అన్నాచెల్లెళ్లే, పెళ్లి లేదు. తెగ అన్నా అంతే అనుకుంది అత్త. సంబంధం చెడకూడదని గబగబా అనేసింది. "కాదమ్మా, వాళ్లది వేరే. మీకేం అడ్డం లేదు."

ఆమె మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "కాకర్ అని చెప్పి పంపినాడే ఆయన!"

వాళ్లు సొంత తెగలోనే ఇచ్చి పుచ్చుకుంటారట. ఆమె తాత గడప తొక్కకుండానే బస్సెక్కింది.

సంగతి తెలిసి తాత మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "ఇన్నేండ్లు పక్కన ఉండి, నా పుట్టుకనే మార్చేసినావా అమ్మా?"

మరునాడు అత్త, నేను, తాత మత్తిగిరి పోయాం. "తెలీక చెప్పినానమ్మా, వాళ్లు కాకర్‌లే" అంది అత్త.

"ఆడ చెప్పింది అబద్ధమా, ఈడ చెప్పేది అబద్ధమా?" అందామె.

తాత తన ఏడు తరాలు వరసగా చెప్పాడు. వాళ్ల పెద్దాయన ఇంకో వరస చెప్పాడు. అక్కడినుంచి పైకి పోతే, తెగ మూలపురుషుడి తండ్రి ఎవరన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు. ఇద్దరూ ఎన్నడూ చూడని మనిషి కోసం కేకలు వేసుకున్నారు. ఎవరిది సరో నాకు ఈనాటికీ తెలియదు. సంబంధం మాత్రం తప్పింది.

ఆ తర్వాత తాత మాకు కథలు చెప్పలేదు.

పోయినవి: ఒక పెళ్లి. ఏటా మేలో గోడమీదుగా వచ్చే మామిడిపండ్ల బుట్ట. ఏడు తరాల పేర్లు. వాటిలో నాకు మూడే గుర్తున్నాయి.