ముగ్గు పోసే ముందు

మొన్న మండుటెండలో, చండ్రుగొండ దగ్గర మా మేనకోడలు కట్టుకుంటున్న సర్కారు ఇంటికి పునాది గుంతలు చూడడానికి కొత్తగా చేరిన హౌసింగ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చూశాడనడం కూడా ఎక్కువే. బండి ఇంజను ఆపలేదు, గుంతలోకి తొంగి చూడలేదు, మా పిల్లను గట్టు మీద నిలబెట్టి ఫోనులో ఫోటో తీసి, ఆమె ఇచ్చిన చెంబెడు మంచినీళ్లు తాగి, ఇక రాళ్లు పేర్చుకోవచ్చన్నాడు. అడుగున ఏం మట్టి తగిలిందో చూశావా నాయనా అని నేనడిగితే నవ్వాడు.

“ఫోటో ఎక్కితే అయిపాయె తాతా. రెండు రోజుల ట్రైనింగ్‌ల మాకు గదే చెప్పిండ్రు. జూలూరుపాడు దాంక ఇంకా శానా ఉన్నయ్,” అని వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపంలో సగమే అతని మీద. మిగతాది పనేమిటో నేర్పకుండా ఊళ్ల మీదికి తోలిన పెద్దల మీద, దాచుకోవడమెందుకు, నా మీద కూడా. నాతోపాటు ఆ రోజుల్లో ఉద్యోగాల్లో చేరిన మీకు తెలియంది కాదు, నన్నూ ఇదే పనికి అలాగే పంపారు.

చేతికొక టేపు, ఒక రిజిస్టరు, సంచెడు సున్నం ఇచ్చి జూలూరుపాడు అవతల అడవి అంచు పల్లెకు పొమ్మన్నారు. అక్కడ ఒంటరిగా ఉండే ఒక పెద్దామెకు ఇల్లు మంజూరైంది. ఆమె గుడిసె బాటకు కాస్త దూరంలో మిట్ట మీద ఉండేది. మా పై అధికారి జీపు దిగేవాడు కాదు, కూర్చున్నచోటి నుంచే ఇళ్లు లెక్కపెట్టుకుని పోయేవాడు, అందుకని ఇళ్లన్నీ బాట పక్కన వరుసగా కనబడేలా సున్నంతో పునాది గీతలకు ముగ్గు పోయడమే మా ఆఫీసు తెలివి. నేనూ బాట పక్కనే పోశాను. ఇంట్లో వేరే భాష మాట్లాడుకునే ఆ పెద్దామె తెలుగు మాటలు కూడబలుక్కుని, “గాడ వద్దు సారూ, వానకు నీళ్లు నిలుస్తయ్,” అంది. నేను వింటేగా! వైశాఖపు ఎండకు రేగడి రాయిలా బిగిసి ఉంది, గడ్డపార వేస్తే ఖంగుమంది, నేల గట్టిదని రిజిస్టర్లో రాసి సంతకం గీకేశాను.

ఆ ఏటి వానలకే వెనక గోడ కూలి ఆమె కాలు మీద పడింది. నేను వెళ్లేసరికి ఆమె మళ్లీ మిట్ట మీది గుడిసెలోనే, కాలికి వెదురు బద్దలు కట్టించుకుని పడుకుని ఉంది. నన్ను చూసి, సారు శానా దూరం నడిచొచ్చిండు, మంచినీళ్లియ్యమని పక్కింటామెకు చెప్పింది. ఇప్పుడు తలచుకున్నా సిగ్గుతో చచ్చిపోతాను.

తిట్టింది మాత్రం మేస్త్రీ చాచా. ఖమ్మంలో తాతల నాటి నుంచీ గోడలు కట్టే కుటుంబం ఆయనది. కూలిన ఇల్లు మళ్లీ కట్టడానికి వచ్చి, పదిమంది ముందు నన్ను కడిగేశాడు. “సున్నం ఎవడన్న పోస్తడు బేటా. ఆమె గుడిసె మిట్ట మీద ఎందుకుందో అడిగినవా?” అడగలేదు. తలదించుకుని ఆ ఏడాదంతా సెలవు రోజుల్లో ఆయన వెంట తిరిగాను. ముగ్గు పోసే ముందు ఊరంతా నడిచి, నీళ్లెక్కడ నిలుస్తాయో ఆడవాళ్లనడగడం, పాత గోడల మీద చెమ్మ ఎంత ఎత్తుకు పాకిందో చూడడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఎండాకాలపు రేగడిని నమ్మకపోవడం ఆయనే నేర్పాడు. ముందురోజు గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోసి, తెల్లారి గడ్డపార దించి చూడాలనేవాడు.

మొన్న కూడా అదే చేశాను. రాళ్లు దిగాయి, మేస్త్రీలు మర్నాడొస్తామన్నారు, నేను బిందె పట్టుకుంటే మేనకోడలికి కోపమొచ్చింది. “సారే సరే అన్నంక నడుమ నీదేంది మామా?” అంది. అయినా నీళ్లు పోశాను. పొద్దున్నే ఆమె చేతికే గడ్డపార ఇచ్చాను. గట్టిగా పొడవాల్సిన పని కూడా లేకపోయింది, మోచేతి లోతు దానంతటదే దిగిపోయింది. పిల్ల కొంగు బిగించి తనే గుంతలోకి దిగింది, మేస్త్రీలు వచ్చి పార అందుకున్నారు. ఇంకో రెండడుగులు తవ్వాక గాని గట్టి మొరం నేల తగలలేదు.

ఆ కుర్రవాడికి ఇదేమీ తెలియదు. మా రోజుల్లో తప్పు చేస్తే కూలిన గోడ దగ్గరికి మళ్లీ నడిచి వెళ్లవలసి వచ్చేది, ఆ ఇంటి మనిషి ముఖం చూడవలసి వచ్చేది, చాచాలాంటి వాడొకడు చెవి మెలేసి వెంట తిప్పుకునేవాడు. ఇతన్ని తిట్టేవాళ్లు కూడా లేరు. నేనున్న చోట నేను నీళ్లు పోసి చూశాను. జూలూరుపాడు దాకా అతను ఫోటోలు తీసిన గుంతల్లో ఎవరు పోస్తారు? వానలకు గట్టిగా నెల కూడా లేదు.