గాల్లో తిరిగిన సూది

2023 ఫిబ్రవరిలో నేను చేసిన తెలివితక్కువ పని ఒంగోల్లో ఇంకెవరూ చేసి ఉండరని గర్వంగా చెప్పగలను. అంతకుముందెప్పుడూ విప్పి చూడని రకం ఇంజినుకు, చేత్తో ముట్టుకోకముందే, "ఎగిరితేనే డబ్బులివ్వండి, ఎగరకపోతే పైసా వద్దు" అని మాటిచ్చేశాను.

నాది స్ప్రేయర్లు బాగుచేసే షాపు. మిర్చికీ పత్తికీ మందు కొట్టే ఇంజిన్లు, గన్నులు, పంపులు నా చేతిలో ఎన్ని పడ్డాయో లెక్కలేదు. పుట్టింది మాత్రం మార్టూరులో, కిరాణా కొట్టువాళ్ల ఇంట్లో. బేరమాడకుండా చెప్పిన ధర ఇచ్చేసేవాడు వస్తే మా నాన్న అతని నోటును రెండుసార్లు వెలుతురుకు పట్టి చూసేవాడు. నాదీ ఆ రక్తమే. రిపేరు కంటే ముందు బేరం గెలవాలి నాకు.

ఆ రోజు వచ్చినావిడ వసుంధర గారు. ఊరి బయట ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతారు. కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి కౌంటరు మీద పెట్టి, విమానం ఇంజిను అన్నారు. రెండు వేలన్నాను. వెయ్యి అన్నారు. వేడి మీద పదిహేను వందల దగ్గర కుదిరింది, దానికి తోక తగిలించి ఎగిరితేనే అన్నాను. ఆవిడ వెంటనే సరేనన్నారు. అంత త్వరగా సరేనన్నప్పుడే అనుమానించాల్సింది. అప్పుడు పొట్లం విప్పారు. పెద్ద నిమ్మకాయంత ఇంజిను.

దీన్ని గ్లో ఇంజిన్ అంటారు. ప్లగ్గులో నిప్పురవ్వ ఉండదు, చిన్న తీగచుట్ట ఎర్రగా కాలుతూ ఉంటుంది. తాగేది పెట్రోలు కాదు, మిథనాల్, అందులో ఆముదం. ఎంత తాగాలో నిర్ణయించేది నీడిల్ వాల్వు, అంటే మరలున్న సన్నటి సూది. లోపలికి తిప్పితే ఇంధనం తగ్గి ఇంజిను కీచుమంటుంది, దాన్ని లీన్ అంటారు. బయటికి తిప్పితే ఇంధనం ఎక్కువై పొగలు కక్కుతూ బరువుగా మూలుగుతుంది, అది రిచ్. రెంటికీ మధ్య బియ్యపు గింజంత చోటుంది. అక్కడే నిలబడాలి.

"నేల మీద బంగారంలా నడుస్తుందండీ. పైకి వెళ్లిన మూడో నిమిషంలో దాని బుద్ధి మారిపోతుంది" అన్నారు వసుంధర గారు.

ఎనిమిది నెలల ఆదివారాలు కూర్చుని, స్టూడెంట్లతో కలిసి ఆవిడ ఆ రిమోటు విమానం కట్టారు. నాలుగడుగుల పసుప్పచ్చ రెక్క. అప్పటికే ఒకసారి కాలేజీ గోడ దాటి పడింది. ప్రిన్సిపాల్ గారు ఒక్క షరతు పెట్టారట. మూడు వారాల్లో కాలేజీ వార్షికోత్సవం. ఆ రోజు ఎనిమిది నిమిషాలు ఎగిరి, కాలేజీ గ్రౌండులోనే దిగాలి. లేదంటే వాళ్లు విమానాలు కట్టుకునే గది ఖాళీ చేయించి పాత జవాబు పత్రాలు పెట్టిస్తారు. ఈలోగా మళ్లీ బయట పడిందని ఫిర్యాదు వస్తే ఆ రోజే తాళం.

మొదట దొంగను పట్టాలి. పక్క ఫ్యాన్సీ షాపులో గోళ్ల రంగు సీసా అడిగి తెచ్చి, సూది తల మీంచి ఇత్తడి గొట్టం మీదికి ఒక ఎర్ర గీత గీశాను. సూది తిరిగితే గీత తెగుతుంది. అంతే. మర్నాడు గ్రౌండులో ఎగరేశారు. మూడో నిమిషంలో పొగ, మూలుగు. ఎలాగో దింపారు. పరుగెత్తుకెళ్లి చూస్తే గీత రెండు ముక్కలు. సూది పావు చుట్టు బయటికి తిరిగింది. దాన్ని పట్టి ఉంచాల్సిన స్ప్రింగు అరిగిపోయింది, ఇంజిను అదురుకి సూది తనంతట తనే తిరుగుతోంది.

నాకు పండగే. షాపుకొచ్చి సన్నటి రాగి తీగ తీసి, సూది తలను గొట్టానికి నాలుగు చుట్లు బిగించి కట్టాను. "మేడమ్ గారూ, ఇక దీన్ని భూకంపం కూడా కదపలేదు" అన్నాను. ఆవిడ తల వంచి తీగ చుట్లు లెక్కపెట్టారు. పాఠం చెప్పేవాళ్లకు ఎప్పుడు మాట్లాడకూడదో తెలుసు.

రెండో రోజు గీత కొత్తగా గీసి ఎగరేశాం. నిమిషన్నర దాటిందో లేదో కీచుమని అరిచి ఇంజిను ఆగిపోయింది. విమానం చప్పుడు లేకుండా జారుతూ జారుతూ గోడ దాటి నాగరత్నమ్మ గారి మిర్చి కళ్లంలో, పట్టా మీద ఎండబోసిన కాయల మధ్య దిగబడింది. నేను గోడ దూకి ముందు సూది చూశాను. గీత తెగలేదు. సూది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అయినా ఇంజిను ఆగింది. నా కాళ్లకింద నేల కదిలింది.

నాగరత్నమ్మ గారు నాకు పాత గిరాకీ. మూడెకరాల మిర్చి సొంతంగా చేయిస్తుంది. నన్నూ, విమానాన్నీ, ఆముదం చిందిన కాయల్నీ వరసగా చూసింది.

"ఏం కోటయ్యా, మందు కొట్టే పని మానేసి ఇప్పుడు పైనించి ఆముదం కొడుతున్నావా?"

"అక్కా, పొరపాటైంది. కాయలు తుడిపించేస్తా."

"తుడిస్తే వాసన పోద్దా? కొనేవాడు ముక్కు ఇంట్లో పెట్టి వస్తాడా? పద, మీ ప్రిన్సిపాలు దగ్గరికే పోదాం."

ఫిర్యాదు వెళ్తే ఆ రోజే గదికి తాళం. నేను బేరంలోకి దిగాను. కిలో కాయల ధర ఇస్తానన్నాను. ఐదన్నది. రెండన్నాను. ఐదే అన్నది. మూడన్నాను. నాలుగు కిలోల ధర, ఆ పైన తన స్ప్రేయరు గన్ను ఊరికే బాగుచేయాలన్నది. నేను నోరు తెరిచేలోపే ప్రిన్సిపాలు గదివైపు రెండు అడుగులు వేసింది. జీవితంలో అంత చిత్తుగా ఏ బేరమూ ఓడిపోలేదు.

అక్కడే కళ్లం గట్టున కూర్చుని గన్ను విప్పుతున్నాను. మందు సన్నంగానో లావుగానో పడేందుకు తిప్పే మర ఒకటి దానికి ఉంటుంది. అది వదులై కారుతోంది.

"రెండేళ్ల కింద నువ్వేగా దానికి సైకిలు వాల్వు ట్యూబు తొడిగింది. అది తెగిపోయింది, మళ్లీ తొడుగు. అదున్నన్నాళ్లూ కారడమూ లేదు, మర దానంతటది తిరగడమూ లేదు" అన్నది నాగరత్నమ్మ గారు.

నా చేతిలో స్పానరు ఆగిపోయింది. కారడం, తిరగడం. రెండూ.

సూది తిరగకుండా కట్టాను, నిజమే. కానీ మరలు వదులుగానే ఉన్నాయి. ఆ సందులోంచి ఇంధనం బయటికి కారదు, బయటి గాలి లోపలికి పోతుంది. అదురు పెరిగే కొద్దీ ఎక్కువ గాలి, ఎక్కువ కీచు. నేను తలుపుకు గడియ పెట్టి కిటికీ వదిలేశాను. అదీగాక ఉదయం చలికి సరిపోయిన సూది మధ్యాహ్నపు ఎండకు సరిపోదు. కట్టేసిన సూదిని ఎలా తిప్పుకుంటాం?

విమానాన్ని గ్రౌండుకు మోసుకొచ్చి ఇంజిను స్టార్టు చేయించాను. పుల్లతో ఒక్క ఆముదం చుక్క సూది మరల మూతి దగ్గర పెట్టాను. కీచు తగ్గి గొంతు బొంగురుపోయింది. చుక్క సందు మూసింది, గాలి ఆగింది. వసుంధర గారు నా భుజం పట్టుకుని ఊపేశారు. "మళ్లీ పెట్టండి, మళ్లీ పెట్టండి" అంటారు. నాలుగుసార్లు పెట్టాం, నాలుగుసార్లూ గొంతు మారింది.

రాగి తీగ కోసి పారేశాను. అరంగుళం వాల్వు ట్యూబు రబ్బరు ముక్క, ఒక కొస ఇత్తడి గొట్టం మీద, ఒక కొస సూది మెడ మీద. వేళ్లతో తిప్పితే తిరుగుతుంది, వదిలితే అక్కడే ఉంటుంది. గాలికి దారి లేదు.

వార్షికోత్సవం రోజు ప్రిన్సిపాల్ గారు ఫోనులో గడియారం పెట్టుకుని నిలబడ్డారు. గోడ అవతల నాగరత్నమ్మ గారు కాయల మీద ఇంకో పట్టా కప్పి నిలబడింది. మూడో నిమిషం వచ్చింది. ఇంజిను గొంతు మారలేదు. ఐదు. వసుంధర గారు విమానాన్ని పల్టీ కొట్టించారు, అదేదో నన్ను అడిగి చేయాల్సింది. ఏడు. ఎనిమిది దాటాక కూడా ఆవిడ దింపరు. పదో నిమిషంలో గ్రౌండు నడిమధ్య గడ్డిలో దింపారు. ఈ వయసులో నేను గంతులేశానని ఆ పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారట. పరుగెత్తి చూశాను, ఎర్ర గీత ఒక్కటే ముక్క. గది తాళం చెవి ప్రిన్సిపాల్ గారు ఆవిడ చేతికే ఇచ్చారు.

ఆ కేసు నాకు చెప్పింది ఇదీ. ఆ జబ్బుకు మందు ముందునుంచీ నా దగ్గరే ఉంది. గన్నుకైతే కళ్లు మూసుకుని వేశాను, విమానం అనేసరికి పెద్ద రోగమనుకుని రాగి తీగలు చుట్టాను. సరుకు పేరు పెద్దదైనంత మాత్రాన జబ్బు కొత్తది కాదు. ఇంకోటి, మర చేతికి లొంగాలి, అదురుకు లొంగకూడదు. కట్టేయడం రిపేరు కాదు.

ఇక బిల్లు. వచ్చింది పదిహేను వందలు. రాగి తీగ పనికి కూలి వేసుకోలేదు, అది నా తప్పు. ఆముదం పడ్డ మిర్చి నాలుగు కిలోలకు ఎనిమిది వందలు. గన్నుకు వాషరు, కొత్త మర నూట అరవై. బండి పెట్రోలు వంద. వాల్వు ట్యూబు ఐదు. మిగిలింది నాలుగు వందల ముప్పై ఐదు.

రెండేళ్ల కింద అదే ఐదు రూపాయల ముక్కకు నాగరత్నమ్మ గారి దగ్గర ముప్పై తీసుకున్నాను. ఆ పాతిక వెనక్కిచ్చాను. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది. నికరం నాలుగు వందల పది.