అబుధాబి కిరాణా కొట్టులో లావో భోజనం, వాసన తెలియని వంటమనిషి

మా ఆఫీసులో పనిచేసే థాయ్ అమ్మాయి ఒకరోజు పచ్చి బొప్పాయి కోరుతో చేసిన పచ్చడిలాంటిది తెచ్చింది. తిన్నవాళ్లందరం నీళ్ల సీసాల కోసం పరుగెత్తాం. అబుధాబిలో ఒక కిరాణా కొట్టు లోపలే ఇది తాజాగా నూరి పెడతారని, వండేది లావోస్ ఆవిడని చెప్పింది. వినగానే నాకు మల్లేశం గుర్తొచ్చాడు. జగిత్యాల దగ్గర మా ఊరివాడే. నా పెళ్లిలో వంట అతనిదే. ఇప్పుడు అబుధాబి శివార్లలోని మఫ్రఖ్‌లో ఒక కంపెనీ క్యాంపు మెస్సులో వండుతున్నాడు. కలిసి తిందామని ఫోన్ చేస్తే ముందు వద్దన్నాడు. రెండుసార్లు బతిమాలితే ఒప్పుకున్నాడు.

2022 చివర్లో ఒక ఆదివారం బయల్దేరాను. నాలా బర్ దుబాయ్‌లో ఉండేవాళ్లకు దారి సులువే. ఘుబైబా బస్టాండు నుంచి అబుధాబి బస్సు ఉంటుంది. టికెట్టు ఇరవై ఐదు దిర్హాములు, నోల్ అనే బస్సు కార్డుతో కట్టాలి. రెండు గంటల ప్రయాణం. మల్లేశం మఫ్రఖ్ నుంచి సిటీ బస్సులో వచ్చి అక్కడి బస్టాండులో నా కోసం నిలబడి ఉన్నాడు. చాలా చిక్కిపోయాడు. డ్యూటీ ఎక్కువా అని అడిగితే అదేం లేదన్నాడు. అక్కడి నుంచి వెనక వీధుల్లోకి పది నిమిషాలు నడిస్తే కొట్టు వస్తుంది.

బయటి నుంచి చూస్తే మామూలు బఖాలా, అంటే చిన్న కిరాణా కొట్టు. లోపల నూడుల్సు, కొబ్బరిపాల డబ్బాలు, నిమ్మగడ్డి కట్టలు. బియ్యం బస్తాలు దాటి వెళ్తే నాలుగు బల్లలు, వాటి పక్కనే పొయ్యి. యాభై ఏళ్ల ఆవిడ పొడవాటి మట్టి రోట్లో మిరపకాయలు దంచుతోంది. పేరు నోయ్. ఏళ్లుగా ఇక్కడే ఉండటంతో హిందీ బాగానే మాట్లాడుతోంది. బొప్పాయి పచ్చడి, వెదురు బుట్టలో జిగురన్నం, కాల్చిన కోడి చెప్పాం. ఇద్దరికీ కలిపి యాభై దిర్హాముల లోపే అయింది. పచ్చడి థాయ్ పద్ధతిలోనా, లావో పద్ధతిలోనా అని ఆవిడ అడిగితే తెలియక లావో అనేశాను. ఆవిడ ఒక జాడీ మూత తీసింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. నెలల తరబడి ఊరబెట్టిన చేపల ఊట అది. అంత ఘోరమైన వాసన నేనెప్పుడూ ఎరగను. జాడీకి నాకంటే దగ్గరగా కూర్చున్న మల్లేశం మాత్రం కదలలేదు.

పళ్లెం వచ్చింది. ఒక ముద్దకే నా కళ్లూ ముక్కూ కారిపోయాయి. మల్లేశం పెరుగన్నం తిన్నట్టు తింటున్నాడు. మిరపకాయల్ని కూడా నమిలేశాడు. నోట్లో మంట ఉందన్నాడు, అంతే. ఇందులో ఏమేం పడ్డాయని నేను అడిగితే చెయ్యి కడుక్కొచ్చి కూర్చుని, బల్ల వైపు చూస్తూ చెప్పాడు.

"అక్కా, నాకు వాసన రాదు. కరోనాల పోయింది, మల్ల రాలే. రుచి గూడ తెల్వది."

కరోనా తర్వాతి ఆ రెండేళ్లలోనే ఒక పండక్కి క్యాంపులో అతను వండిన బగారన్నం తిని తెగ మెచ్చుకున్నాను. మరి వంట ఎలా చేస్తున్నావని అడిగితే చేతికి అలవాటేనన్నాడు. అసలు భయం అది కాదని మెల్లగా చెప్పాడు.

"మొన్న పొద్దుగాల గ్యాస్ లీకైంది. నాకు తెల్వనే లేదు. లైటర్ కొట్టవోతుంటే పక్కోడు చెయ్యి వట్టుకున్నడు. అవుతల రూములల్ల అందరు పండుకోనే ఉన్నరు."

ముదీర్‌కు, అంటే మేనేజరుకు, చెప్పావా అన్నాను.

"చెప్తె ఖలాస్. వాసన రాని వంటోణ్ని ఎవడు పెట్టుకుంటడక్కా?"

మా ముఖాలు చూసి పచ్చడి బాగాలేదేమో అనుకుని నోయ్ వచ్చింది. హిందీలో సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు, జాలీ పడలేదు. తనకూ కరోనా వచ్చినప్పుడు అలాగే అయిందని, పొద్దునా సాయంత్రం ఈ జాడీ మీద ముఖం పెట్టి పీల్చేదాన్నని, చాలా నెలలకు వాసన తిరిగొచ్చిందని చెప్పి జాడీ తెచ్చి అతని ముందు పెట్టింది. మల్లేశం ఆవిడ మాట తీసేయలేక వంగి పీల్చాడు. ఏమీ లేదు. ఆవిడ మళ్లీ పీల్చమంది. మళ్లీ పీల్చాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి గట్టిగా పీల్చి ఉన్నట్టుండి తల వెనక్కి లాక్కున్నాడు. ముఖమంతా ముడుచుకుపోయింది.

"కంపు," అన్నాడు. నా వైపు తిరిగి, "అక్కా, కంపు గొడ్తుంది."

నేను చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను. అతను మళ్లీ జాడీ మీదకే వంగాడు. నోయ్ నిమ్మగడ్డి నలిపి ఇచ్చింది, వెల్లుల్లి ఇచ్చింది. అవేవీ తెలియలేదు. ఆ ఒక్క కంపే, అదీ లీలగా.

బస్టాండుకు నడుస్తూ ముదీర్‌కు చెప్పి తీరాలని పట్టుబట్టాను. బస్సు ఎక్కేదాకా అతను అవుననలేదు. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసి, చెప్పేశానన్నాడు. ముదీర్ చాలాసేపు అరిచాడట. తర్వాత పొయ్యి దగ్గర నుంచి తప్పించి కూరగాయలు తరిగే పని ఇచ్చాడు, వంటగదిలో గ్యాస్ అలారం పెట్టించాడు. ఓవర్‌టైమ్ పోయింది, ఉద్యోగం నిలిచింది. ఎండలు ముదిరేనాటికి వేగే ఉల్లిగడ్డ వాసన తెలుస్తోందని మెసేజ్ పెట్టాడు. మిగతావి ఇంకా రాలేదు.

మెస్సులో వండేవాణ్ని తిన్నావా అని అందరం అడుగుతాం. నీ నోటికి ఎలా ఉందని ఆ రెండేళ్లలో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అడిగి ఉంటే ఆ పొద్దున లైటర్ దాకా వచ్చేది కాదేమో. ఆ వేలికీ మంటకూ మధ్య ఇంకొకరి చెయ్యి మాత్రమే ఉందన్నది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: ఆదివారం సాయంత్రం దుబాయ్ బస్సుకు వరస చాలా పొడవుంటుంది, చీకటి పడకముందే బస్టాండు చేరుకోండి.