మొదటి గీత ఖాళీగా వదిలిన పేజీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడేదాన్ని నేనే. ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని పరుపుల చుట్ట వెనక్కి చేరేదాన్ని. ఢిల్లీ మునిర్కాలో రెండో అంతస్తులో మాకు రెండు గదులుండేవి. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న ఒక ఆఫీసులో టైపిస్టు. సాయంత్రాలూ సెలవు రోజులూ ఇంట్లో కూర్చుని తెలుగు కంపోజింగ్ చేసేవాడు. పెళ్లి కార్డులు, చర్చి కరపత్రాలు, ఏవి దొరికితే అవి. అక్కడ అప్పట్లో తెలుగు అక్షరాలు కంపోజ్ చేసేవాళ్లు అరుదు కాబట్టి, ఎక్కడెక్కడి వాళ్లో మా మెట్లెక్కి వచ్చేవాళ్లు.

ఆ ఏడాది నాన్న చేస్తున్నది మా తెలుగు చర్చి సంఘం పాటల పుస్తకం. క్రిస్మస్‌కి అందరి చేతుల్లో ఉండాలని పెద్దలు అడిగారు. చాలా పాటలు పాత పుస్తకాల్లోంచి ఎత్తి రాసినవే. పదకొండు మాత్రం అలాంటివి కావు. మా సంఘంలో ఒక అమ్మమ్మ ఉండేది. చదువు రాదు. తన చిన్నతనంలో కృష్ణా తీరాన నాట్లు వేస్తూ నేర్చుకున్న పాటలు ఆమె నోట్లోనే ఉండేవి. నాన్న ఆమెను కంప్యూటర్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, పాడుతుంటే వింటూ నేరుగా టైపు చేశాడు. ఆమె ఆ వేసవిలో చనిపోయింది. ఆ పదకొండు పాటలు డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు. కాగితం మీద కూడా తీయలేదు. ప్రూఫులు ఎలాగూ ప్రెస్సువాళ్లు తీస్తారని నాన్న ఊరుకున్నాడు.

ఆ డిస్కు ఫ్లాపీ కాదు, దాన్ని పెట్టే డ్రైవ్ కంప్యూటర్ లోపల ఉండేది కాదు. విడిగా ఒక బూడిద రంగు పెట్టె. కంప్యూటర్ వెనక ప్రింటర్ కోసం ఉండే ప్యారలల్ పోర్టు ఒక్కటే కాబట్టి అన్నీ దానికే వరసగా తగిలించాలి. ముందు డ్రైవ్ తీగ. డ్రైవ్ వీపుకి తెలుగు అక్షరాల తాళం. ఆ తాళానికి ప్రింటర్ తీగ. తాళం అంటే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. అది ఆ వరసలో ఎక్కడో ఒకచోట ఉంటేనే తెలుగు టైపు అయ్యేది. లేకపోతే ఆ ప్రోగ్రామే తెరుచుకునేది కాదు.

ఒక శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. మా కూలర్ మీద గూడు పెట్టిన పావురం గురించి నేనొక కథ రాసుకున్నాను. నా చేతిరాతలో కాకుండా అచ్చక్షరాల్లో ఆ కథ ఎలా ఉంటుందో చూడాలని నాకు చాలా రోజులుగా కోరిక. అడగడానికి నోరు రాలేదు. టైపు చేయడం నాన్నని చూసి నేర్చుకున్నాను. చిక్కల్లా ప్రింటర్‌తోనే. డ్రైవ్ ఆన్ చేస్తేనే అది పనిచేస్తుంది. డ్రైవ్ స్విచ్ మీద చెయ్యి వేయొద్దని నాన్న మాట. నేను మాట వినే పిల్లని. అందుకే స్విచ్ జోలికి పోకుండా, డ్రైవ్ తీగని కంప్యూటర్ నుంచి ఊడదీసి, తాళాన్ని తెచ్చి కంప్యూటర్‌కి పెట్టి, ప్రింటర్ తీగని దానికి తగిలించాను. ఒక పేజీ కథ వచ్చింది. దాన్ని పదిసార్లు చదువుకుని, లెక్కల నోటు పుస్తకంలో దాచుకున్నాను. తర్వాత తాళాన్ని కంప్యూటర్‌కే ఉంచేసి, డ్రైవ్‌నీ ప్రింటర్‌నీ దాని వెనక తగిలించాను. ఒక్క తీగ కూడా మిగల్లేదు. మిగల్లేదు కాబట్టి సరిగ్గానే ఉందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నంలోగా నాన్న డిస్కు తీసుకుని కరోల్ బాగ్‌లోని ప్రెస్సుకి వెళ్లాలి. పొద్దున్నే చివరిసారి చూసుకుందామని కూర్చున్నాడు. తెర మీద డ్రైవ్ లేదు. ఆపి మళ్లీ పెట్టాడు. లేదు. తీగలు లాగి చూశాడు, ప్రింటర్ తీసేశాడు, డిస్కు బయటికి తీసి షర్టు అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. ఒకదాని మీద ఒకటి ఏవేవో చేసి, కాసేపటికి తను ఏం చేశాడో తనకే తెలియని స్థితికి వచ్చాడు. అప్పుడు నా వైపు తిరిగి, ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. నా జీవితంలో నాకు స్పష్టంగా గుర్తున్న మొదటి అబద్ధం అది. దానికి నోరు కూడా తెరవలేదు.

నాన్న మేడ మీదికి వెళ్లి పైగది అక్కని పిలుచుకొచ్చాడు. వరంగల్ నుంచి వచ్చి, బర్సాతీ అని పిలిచే ఆ మేడ గదిలో ఒంటరిగా అద్దెకుండే అక్క. ఒక కంపెనీలో కంప్యూటర్లు బాగుచేసేది. చేతిసంచిలో దువ్వెనతో పాటు స్క్రూడ్రైవర్ ఉండే ఆడమనిషిని నేను మొదట చూసింది ఆమెనే. వచ్చీ రాగానే యంత్రాన్ని ముట్టుకుంటుందనుకున్నాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

డిస్కే పోయిందని నాన్న అన్నాడు. ఆ పదకొండు పాటలూ వదిలేయమని ప్రెస్సుకి ఫోన్ చేస్తానన్నాడు. ఆ మాట అనేటప్పుడు అమ్మమ్మ కూర్చున్న కుర్చీ వైపు చూడలేదు.

"డిస్కు పోతే డ్రైవన్న కనవడాలె గద అంకుల్," అంది అక్క. "డ్రైవే కనవడ్తలేదు. డిస్కు మీద ఇప్పుడే నింద ఎందుకు?"

నిన్నటిదాకా బాగానే ఉందనీ, ఎవరో కదిపి ఉంటారనీ నాన్న అన్నాడు. నేను గోడ వైపు జరిగాను.

"ఎవరు ముట్టిండ్రో మిషన్‌కి అక్కర్లేదు. ఏం మారిందో అదొక్కటే కావాలె దానికి. అదిగూడ ఒక్కపారి ఒక్కటే మార్చి చూడాలె. మూడు కలిపి మారిస్తే ఏది పనిజేసిందో ఎట్ల తెలుస్తది?"

ముందుగా, పొద్దున్నుంచి నాన్న మార్చినవన్నీ వెనక్కి పెట్టించింది. తర్వాత నన్ను పిలిచి కాగితం అడిగింది. చేతికందింది లెక్కల నోటు పుస్తకమే. అదే ఇచ్చాను. తెరిచేసరికి మడత పెట్టిన నా కథ కనిపించింది. అక్క దాన్ని ఒక్క క్షణం చూసి, అక్కడే ఉంచి, ఖాళీ పేజీ తిప్పింది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎడమ వైపు చేసిన పని, కుడి వైపు దాని ఫలితం. రాసే పని నాదేనంది. పేజీలో అన్నిటికంటే పైనున్న మొదటి గీత మాత్రం ఖాళీగా వదలమంది.

"అది నిన్నటికి. యాదికొచ్చినప్పుడు రాసుకుందాం."

నేను రెండో గీత నుంచి మొదలుపెట్టాను. డ్రైవ్ దీపం: వెలుగుతోంది. తీగ బిగించాం: కనబడలేదు. ప్రింటర్ తీసేశాం: కనబడలేదు. తీగ తీసిన ప్రతిసారీ కంప్యూటర్ ఆపాలి, ముందు డ్రైవ్ ఆన్ చేయాలి, తర్వాతే కంప్యూటర్. అది లేచి తెర వెలిగేసరికి చాలాసేపు పట్టేది. ఆ సేపంతా నాన్న గడియారం వైపు చూసేవాడు. నేను ఖాళీ గీత వైపు చూసేదాన్ని. కింద గీతలు నిండుతున్నకొద్దీ పైనున్న ఆ ఒక్కటీ మరింత తెల్లగా కనిపించేది.

నాలుగో గీత తర్వాత అక్క లేచింది. తన గదిలో వేరే కేబుల్ ఉందనీ, అటక మీద అట్టపెట్టెలో ఉందనీ, దించడానికి సాయం రమ్మనీ నాన్నని అడిగింది. వెళ్తూ నోటు పుస్తకాన్ని నా ముందుకు జరిపి, పెన్ను తీసి మొదటి గీత మీద పెట్టింది. ఒక్క తీగ దించడానికి ఇద్దరు మనుషులు ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

వాళ్ల అడుగులు మెట్లమీద వినబడినంతసేపూ కదల్లేదు. తర్వాత రాశాను. "నిన్న నాలుగింటికి ప్రింటర్ కోసం డ్రైవ్ తీగ తీశాను. తాళం డ్రైవ్ వెనక నుంచి తీసి కంప్యూటర్‌కి పెట్టాను. మళ్లీ అన్నీ పెట్టాను." చదువుకుంటే చాలా చిన్నగా ఉంది. పొద్దుటి నుంచి నాకు అంత పెద్దగా అనిపించినది కాగితం మీద మూడు వాక్యాలే అయింది.

అక్క తిరిగొచ్చి చదివింది. ముఖంలో ఏమీ లేదు. నాన్న కేబుల్‌కి పట్టిన దుమ్ము దులుపుతుంటే, అది మార్చేముందు ఇంకొకటి చూద్దామంది. కంప్యూటర్ ఆపించి, నా చేయి పట్టుకుని బల్ల వెనక్కి తీసుకెళ్లింది.

"చేతులు సన్నగున్నయ్, నువ్వే తియ్యి చెల్లె. తాళం తీసి డ్రైవ్ ఎన్కకు పెట్టు. తాళం నడుమ ఉంటే డ్రైవ్ మాట దీనికి ఇనవడది."

నేనే తీశాను. నేనే పెట్టాను. డ్రైవ్ ఆన్, తర్వాత కంప్యూటర్. ఈసారి తెర వెలిగేదాకా ముగ్గురం నిలబడే ఉన్నాం. డ్రైవ్ కనిపించింది. నాన్న డిస్కు పెట్టి అమ్మమ్మ మొదటి పాట తెరిచాడు. చదువుతుంటే ఆయన పెదాలు కదిలాయి. ముందు ఆ పదకొండు పాటలూ రెండు ఫ్లాపీల్లోకి ఎక్కించాడు. అప్పుడు అక్క వైపు తిరిగి, ఏమైందమ్మా అని అడిగాడు.

"తాళం జాగ మారింది అంకుల్," అంది. అంతే అంది.

నాన్న ప్రెస్సుకి వెళ్లాడు. డ్యూటీ దిగి వచ్చిన అమ్మ అక్కకి అన్నం పెట్టింది. సాయంత్రం నాన్న వచ్చేసరికి నోటు పుస్తకం ఇంకా బల్ల మీదే ఉంది. దాచేయొచ్చు. ఎందుకో దాచలేదు. పరుపుల చుట్ట వెనక నుంచి, ఆయన పేజీ తిప్పడం చూశాను. చాలాసేపు చదివాడు. పెన్ను తీసుకుని ఏదో రాసి, పుస్తకం మూసి, చొక్కా విప్పుకోవడానికి లోపలి గదిలోకి వెళ్లాడు.

నా మూడు వాక్యాల ఎదురుగా కుడి వైపు ఖాళీగా ఉన్నచోట, నాన్న గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది: "దొరికింది. డ్రైవ్ ఎలా ఆన్ చేయాలో రేపు నేర్పుతాను."

మర్నాడు చర్చి నుంచి రాగానే నేర్పాడు కూడా. ఆ స్విచ్ నేనే వేసి, పావురం కథ ఇంకో కాపీ తీసి అక్కకి ఇచ్చాను. మెట్ల మీదే నిలబడి చదివింది.

"మరి గుడ్లేమైనయ్?" అని అడిగింది. నేను ఆ సంగతి రాయనే లేదు. నన్ను ఒక పాఠకురాలు అడిగిన మొదటి ప్రశ్న అది.

మరుసటి ఏడు అక్కకి బదిలీ అయింది. అట్టపెట్టెలన్నీ ఆమె ఒక్కతే దించుకుంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ రోజు ఆమె మా నాన్నని పైకి ఎందుకు తీసుకెళ్లిందో.

ఇప్పటికీ రోజూ డైరీ రాస్తాను. తేదీ వేసి, మొదటి గీత వదిలేసి, రెండో గీత నుంచి మొదలుపెడతాను. పైన ఏం రావాలో చాలా రోజులు నాకే తెలియదు. కొన్నిసార్లు వారం తర్వాత వెనక్కి తిప్పి నింపుతాను. మొన్న మా పాప తల వంచుకుని బడి నుంచి వచ్చింది. ఏం జరిగిందో చెప్పలేదు. నేను అడగలేదు. డైరీలో కొత్త పేజీ తీసి, మొదటి గీత మీద పెన్ను పెట్టి, పాప ముందుకు జరిపి, అవసరం లేకపోయినా మేడ మీదికి బట్టలు తేవడానికి వెళ్లాను.